కనుమకు 180 మీటర్ల కింద: ఒంటరి స్కీ టూర్ ప్రాజెక్టు డైరీ

నవంబర్ 3

ఎన్నాళ్లుగానో అనుకుంటున్నది ఇవాళ నోట్‌బుక్‌లో రాసేశాను కాబట్టి ఇక మొదలైనట్టే. ఫిబ్రవరిలో మూడు రోజులు, రెండు రాత్రులు, స్కీల మీద, ఒక్కదాన్నే. లోయ చివర 1,300 మీటర్ల ఎత్తులో రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్నుంచి 2,000 మీటర్ల దగ్గరున్న హట్‌కి చేరడం మొదటి రోజు పని. చలికాలం ఆ హట్‌లో ఎవరూ ఉండరు, ఒక గది మాత్రం తాళం వేయకుండా వదిలేస్తారు, అందులో కట్టెల పొయ్యి ఉంటుంది. రెండో రోజు 2,780 మీటర్ల కనుమ ఎక్కి తిరిగి హట్‌కి రావాలి. మూడో రోజు ఇంటికి.

స్కీ టూరింగ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. ఇందులో లిఫ్టులుండవు, కొండ ఎక్కేది మన కాళ్లే. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని బైండింగ్ అంటారు. బైండింగ్‌లో బూటు ముందు భాగం మాత్రమే బిగుస్తుంది, మడమ లేస్తూ ఉంటుంది. స్కీల అడుగున స్కిన్లు అనే పొడవాటి పట్టీలు అంటించుకుంటాం. పిల్లి వీపు తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా ఉంటుంది చూడండి, స్కిన్ పనిచేసేదీ అంతే. ముందుకి జారుతుంది, వెనక్కి జారదు. పాతకాలంలో సీల్ తోలుతో చేసేవాళ్లు, ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇప్పుడు మొహైర్ (మేక ఊలు), నైలాన్, లేదా రెండూ కలిపినవి. పైకి చేరాక వాటిని పీకేసి, మడమ బిగించి దిగుతాం. నాలుగు గంటల ఎక్కుడు గంటలో అయిపోతుంది. లెక్క చూసుకుంటే నష్టం బేరమే.

తమ్ముడికి చెబితే వెంటనే అడిగాడు. "ఒక్కదానివే ఎందుకక్కా?"

నాతో వచ్చేవాళ్ల సెలవులూ నా సెలవులూ కలవలేదని చెప్పాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. ఇన్నేళ్లూ ఎవరో ఒకరు ముందు నడుస్తుంటే వెనక నడిచాను. దారి నేనే ఎంచుకుని, వెనక్కి తిరగాలా వద్దా అన్నది కూడా నేనే తేల్చుకుంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

నవంబర్ 17

సామాను తూకం. వంటింటి తరాజు మీద ఒక్కొక్కటీ పెట్టి రాసుకున్నాను. స్కీల జత బైండింగ్‌లతో కలిపి 2.9 కిలోలు, బూట్లు ఒక్కోటి 1.3. కాలికి కట్టుకున్న బరువు వీపు మీది బరువు కంటే ఎక్కువ అలసట పెడుతుంది, అడుగడుగునా ఎత్తాలి కదా. అందుకే పిన్ బైండింగ్‌లంటే నాకు గౌరవం. బూటు ముక్కుకి రెండు పక్కలా చిన్న గుంటలు, వాటిలోకి రెండు ఇనుప మొనలు, అంతే. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980ల్లో చేసిన ఆలోచన ఇది. ఇప్పటికీ టూరింగ్‌కి వచ్చే తేలిక బైండింగ్‌లన్నీ దాదాపు ఆ పద్ధతే.

బ్యాగ్ 11 కిలోలు తేలింది. తగ్గిద్దామని చూస్తే తీసేయడానికి ఏమీ కనబడలేదు. జట్టులో వెళితే రిపేర్ సంచి ఒకరు, మందుల సంచి ఒకరు, చలికి కప్పే బివీ సంచి ఒకరు మోస్తారు. ఒంటరిగా వెళితే అన్నీ ఒకరి వీపు మీదే. స్క్రూడ్రైవర్, తీగ, టేపు, రెండు స్కీ స్ట్రాప్‌లు, చేతికర్ర (పోల్) కొసన తగిలించే విడి బాస్కెట్ చక్రం, రెండు హెడ్‌ల్యాంపులు. ఒక ల్యాంపు పోతే పక్కవాళ్ల వెలుగులో నడవడం అనే సదుపాయం లేదు.

బీకన్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒంటికి కట్టుకునే చిన్న రేడియో యంత్రమది, తన సిగ్నల్ పంపుతుంది, ఇంకోదాని సిగ్నల్ పట్టుకుంటుంది. బీకన్, పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) మూడూ కలిస్తేనే మంచుచరియల్లో పూడిపోయినవాళ్లని బయటికి తీయగలం. బీకన్‌లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, ఏ కంపెనీదైనా ఇంకోదాని మాట వింటుంది. పూడినవాళ్లని మొదటి 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటేసరికి ఆ లెక్క మూడోవంతుకు పడిపోతుంది. అంటే కాపాడేది హెలికాప్టర్ కాదు, పక్కనున్న మనిషి. నా పక్కన ఎవరూ ఉండరు. నా బీకన్ నన్ను వెతకడానికి వచ్చేవాళ్లకి శవం దొరికేలా చేస్తుంది, అంతవరకే. అయినా మూడూ తీసుకెళ్తున్నాను, ఆ వాలు మీద ఇంకెవరైనా పూడితే తీయడానికి నేనుంటాను కదా.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న బ్యాగ్ కూడా చూశాను. చేటలో గింజలు కుదిపితే పెద్దవి పైకి తేలినట్టు, ఉబ్బిన బ్యాగ్ కదిలే మంచులో మనిషిని పైపైన ఉంచుతుంది. మంచి వస్తువే. కానీ బండకో చెట్టుకో కొట్టుకుంటే అది చేసేదేమీ లేదు. పైగా బరువు. వద్దనుకున్నాను. ఇది తప్పు నిర్ణయమని వాదించేవాళ్లతో నేను పోట్లాడను.

డిసెంబర్ 8

ఆదివారమంతా మ్యాప్ పరుచుకుని నేల మీదే. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన పని ఇదే అని ఒప్పుకోవాలి.

మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద జారతాయి. అంతకంటే చదునైతే అరుదుగానే జారతాయి, మరీ నిటారైతే మంచు నిలవదు. 1:25,000 మ్యాప్ మీద 20 మీటర్ల ఎత్తుకో కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) ఉంటే, రెండు గీతల మధ్య 1.4 మిల్లీమీటర్లు కనబడితే వాలు 30 డిగ్రీలు. 1.1 అయితే 35. పెన్సిల్ ములికి మందం తేడాలో బతుకూ చావూ ఉన్నాయన్నమాట. కాగితం ముక్క మీద ఆ కొలతలు గీసుకుని దారి పొడవునా జరుపుతూ పోయాను. హట్ దాకా దారంతా 25 లోపే. హట్ దాటాక వెడల్పాటి లోయ, అదీ మెత్తటి వాలే, కానీ ఎడమ పక్క నిటారు గోడలాంటి వాలొకటి దాని మీదికి వంగి ఉంది. చివరి 180 మీటర్లు కనుమ కిందిది, 33 డిగ్రీలు.

వాలు ఎంత దాకా సరే అన్నదానికి వెర్నర్ ముంటర్ అనే స్విస్ గైడ్ పెట్టిన లెక్క ఒకటుంది. మంచుచరియల ప్రమాద సూచికలో 5 స్థాయిలుంటాయి, యూరప్‌లో 1993 నుంచి అందరిదీ ఒకే కొలమానం. ముంటర్ ఏమన్నాడంటే, స్థాయి 2 అయితే 40 డిగ్రీల లోపు, 3 అయితే 35 లోపు, 4 అయితే 30 లోపు వాలుల మీదే తిరగాలి. ఒక్కదాన్నే కాబట్టి నేను ఇంకో మెట్టు దించుకున్నాను. 2 అయితే 35, 3 అయితే 30, 4 అయితే ఇల్లు కదలను.

టైమ్ లెక్క కూడా ఆయనదే. కిలోమీటరు దూరానికి ఒకటి, 100 మీటర్ల ఎత్తుకి ఒకటి వేసుకుని కూడాలి. ఎక్కేటప్పుడు దాన్ని 4తో, స్కీల మీద దిగేటప్పుడు 10తో భాగిస్తే గంటలు వస్తాయి. హట్‌కి 6 కిలోమీటర్లు, 700 మీటర్లు. మొత్తం 13, అంటే మూడుంపావు గంటలు. కనుమకి 5 కిలోమీటర్లు, 780 మీటర్లు, అదీ దాదాపు అంతే. కొత్త మంచు పడితే దారి తొక్కేది నేనొక్కదాన్నే కాబట్టి సగం కలుపుకోవాలి.

డిసెంబర్ 22

ప్రాక్టీస్, ఒక చిన్న గుట్ట మీద. పొద్దుటి నుంచి కిక్ టర్న్‌లే. వాలుకి అడ్డంగా నిలబడి, పై స్కీ ఎత్తి నూట ఎనభై డిగ్రీలు తిప్పి దింపాలి, ఆ తర్వాత కింది కాలు. చెప్పడానికి ఇంతే. రెండో కాలి మడమ చిన్నగా వెనక్కి తంతేనే స్కీ ముక్కు పైకి లేచి తిరుగుతుంది. తన్నకపోతే ముక్కు మంచులో గుచ్చుకుని మనిషి అలా రెండు కాళ్లూ మెలిపడి నిలబడిపోవాలి. ఎడమ వైపు ఇరవై, కుడి వైపు ఇరవై తిరిగాను. కుడి వైపు తిరగడం ఇంకా అధ్వానంగానే ఉంది.

దిగేటప్పుడు మొదటి మూడు మలుపులు తాగినట్టు పోయాయి. కాళ్లు సహకరించవేంటి, వయసు అయిపోయిందా అని బెంగ పడి ఆగి చూసుకుంటే బూట్లు ఇంకా నడక మోడ్‌లోనే ఉన్నాయి. వెనక లివర్ కిందికి దించడం మర్చిపోయాను. జట్టులో ఉంటే ఎవరో ఒకరు నవ్వుతూ చెప్పేవారు. పైకి చేరాక చేయాల్సినవి వరసగా పోల్ మీద టేపు వేసి రాసుకున్నాను: జాకెట్, స్కిన్లు, బైండింగ్, బూట్లు, హెల్మెట్.

జనవరి 12

ఈ ఏడు మంచు తొందరగా పడింది, కొద్దిగానే పడింది, తర్వాత మూడు వారాలు ఆకాశం నీలంగా మెరిసింది. చూడ్డానికి బాగుంటుంది కానీ అదే బాధ. నేల దగ్గర మంచు సున్నా డిగ్రీల దగ్గరుంటుంది, పైన రాత్రుళ్లు మైనస్ 15, మైనస్ 20. మంచు పొర పల్చగా ఉంటే ఆ తేడా అంతా కొద్ది మందంలోనే సర్దుకోవాలి. 10 సెంటీమీటర్లకి ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే కింది మంచు నుంచి ఆవిరి పైకి పాకుతూ గింజలకి అంచులు పెంచుతుంది. కొన్నాళ్లకి ఆ పొర పంచదారలా తయారవుతుంది. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కాదు, వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. దాని మీద తర్వాత గట్టి మంచు పడితే గోలీల మీద పలక పెట్టినట్టే.

నిన్న రాత్రి నుంచి పెద్ద మంచు. కిటికీలోంచి చూస్తూ, పంచదార పొర మీద పలక పడుతోంది అని రాసుకున్నాను.

జనవరి 26

ఇవాళ్టి పేజీ ఈ ప్రాజెక్టులో ముఖ్యమైనది అనుకుంటున్నాను. వెనక్కి తిరిగే షరతులు. పొయ్యి పక్కన కూర్చుని, కడుపు నిండి, వేళ్లు వెచ్చగా ఉన్నప్పుడు రాసినవి. పైన చలిలో, కనుమ కనబడుతుండగా నేను ఆలోచించే తీరు మీద నాకు నమ్మకం లేదు.

ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు ప్రమాదాల రికార్డులు తిరగేసి, తెలిసినవాళ్లు కూడా ఎందుకు చిక్కుకుంటారో వెతికాడు. చూసిన వాలే కదా అన్న ధీమా, మొదలుపెట్టాం కాబట్టి పూర్తి చేయాలన్న పట్టు, పక్కవాళ్ల ముందు తగ్గకూడదనిపించడం, జట్టులో నిపుణుడున్నాడుగా అన్న భరోసా, ఇలాంటివి తేల్చాడు. ఒంటరిగా వెళితే వీటిలో సగం పోతాయి. మొదటి రెండూ మాత్రం పోవు, పైగా అడ్డు చెప్పేవాళ్లుండరు.

రాసుకున్నవి ఇవి. వాలు లెక్కకి మించి ఉంటే తిరుగు. మంచు కింద కూలిన చప్పుడు వినబడితే తిరుగు. పన్నెండున్నర దాటితే ఎక్కడున్నా తిరుగు. ముందు వాలు ఎంత ఉందో కంటికి ఆనకపోతే తిరుగు. పది నిమిషాల్లో బాగు చేయలేని సామాను రిపేర్ వస్తే తిరుగు.

ఫోటో తీసి తమ్ముడికి పంపాను, దారి మ్యాప్‌తో సహా. రోజూ సాయంత్రం ఆరు లోపు శాటిలైట్ మెసెంజర్ నుంచి ఒక మెసేజ్. ఆరున్నర దాటినా రాకపోతే రెస్క్యూకి ఫోన్ చేయాలి.

"ఆరున్నరకి చేసేయనా, కొంచెం ఆగి చేయనా?"

"చేసేయరా. ఆగితే నువ్వూ నాలాగే ఆలోచిస్తున్నట్టు."

ఫిబ్రవరి 14, మొదటి రోజు

పొద్దున ప్రమాద స్థాయి 2. కింద వివరం చదివితే ఉత్తరం వైపు వాలుల్లో 2,200 మీటర్ల పైన పాత బలహీన పొర, అక్కడక్కడా గాలి పేర్చిన మంచు అని ఉంది. నా కనుమ ఉత్తరం వైపుదే. అంకె 2, కానీ వాక్యం బాగాలేదు.

బండి దిగేసరికి ఎనిమిదింపావు. కాస్త చలేస్తుండగానే బయల్దేరాలన్నది నియమం, పది నిమిషాల్లో ఎలాగూ వేడెక్కుతాం. పాతిక సెంటీమీటర్ల కొత్త మంచు, ఎవరి జాడా లేదు. మొదటి గంట చెట్ల మధ్య. స్కీ ముక్కు మంచులోంచి పైకి తేలి మళ్లీ మునగడం, స్కిన్ చేసే సన్నటి 'స్స్' చప్పుడు, నా ఊపిరి. అంతకు మించి ఏమీ లేదు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేకపోవడం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. రెండో గంటకి మాట్లాడేవాళ్లుంటే బాగుండనిపించింది. ఎంత సేపైందో, ఎంత దూరమైందో పైకే చెప్పుకుంటూ నడిచాను.

ఆగి స్కిన్ తీసిన మూడోసారి ఎడమ దానికి జిగురు సరిగ్గా పట్టలేదు. మధ్యలో చిన్న దిగుడు ఉందని స్కిన్లు పీకడం, మళ్లీ అంటించడం నా తెలివితక్కువే, అలాగే జారితే పోయేది. గాలికి స్కిన్ ఎగిరి జిగురు వైపు మంచులో పడింది. చూస్తే జిగురంతా తెల్లటి రవ్వ. చేత్తో దులిపితే పోదు, చేతి వేడికి కరిగి ఇంకా పాడవుతుంది. స్కీని నిలబెట్టి, దాని ఇనుప అంచు మీద స్కిన్‌ని జిగురు వైపు ఆనించి, రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని పైకీ కిందికీ లాగాను, చెప్పులకు అంటిన బురద గడప అంచున గీకినట్టు. మంచు చాలావరకు రాలిపోయింది. తర్వాత జాకెట్ జిప్ తీసి ఆ స్కిన్‌ని పొట్ట మీద పెట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాను. అప్పుడు వచ్చిన వణుకు గురించి రాయను. అంటుకుంది, తోక మాత్రం నిలవలేదు, దాన్ని స్ట్రాప్‌తో స్కీకి కట్టేశాను.

హట్ చేరేసరికి ఒంటిగంటా ఐదు. నాలుగు గంటల యాభై నిమిషాలు. లెక్క ప్రకారం మూడుంపావు, సగం కలిపితే నాలుగు గంటల యాభై రెండు. ముంటర్ గారికి నమస్కారం.

మధ్యాహ్నమంతా మంచు కరిగించడమే పని. గిన్నె నిండా మంచు వేస్తే అడుగున అర గ్లాసు నీళ్లవుతాయి. ముందు కాసిని నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి, లేకపోతే గిన్నె అడుగు మాడుతుంది. మంచు మాడిన నీళ్ల రుచి ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు. స్కిన్లు పొయ్యికి మరీ దగ్గరగా కాకుండా దండెం మీద ఆరేశాను. ఫోన్, బూట్ లైనర్లు స్లీపింగ్ బ్యాగ్‌లోకి. చలికి బ్యాటరీ పడిపోతుందని ఫోన్‌ని పసిపిల్లలా పక్కలో వేసుకుని పడుకోవడం.

ఐదింటికి మెసేజ్ పంపాను. హట్‌లో సిగ్నల్ లేదని బయట మంచులో పెట్టి వచ్చాను, ఇరవై నిమిషాలకి వెళ్లింది.

ఫిబ్రవరి 15, రెండో రోజు

పొద్దున హట్ దగ్గర మైనస్ 14. వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల లెక్కన కనుమ దగ్గర మైనస్ 19 ఉంటుంది. గంటకి 30 కిలోమీటర్ల గాలి కూడా తోడైతే చర్మానికి మైనస్ 31 లాగా తగులుతుంది. ఆ చలిలో బయటున్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. ముక్కు మీదికి మాస్క్ లాక్కుని ఏడింటికి బయల్దేరాను.

స్కిన్లు బాగానే అంటుకున్నాయి. ఇబ్బంది బైండింగ్ దగ్గర వచ్చింది. బూటు పెట్టి తొక్కితే టప్ మని మూసుకోవాలి, మూసుకోలేదు. వంగి చూస్తే స్ప్రింగ్ కింద మంచు గట్టిగా ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి తీయడానికి ఆరు నిమిషాలు. గ్లవుజు తీసిన ఆ ఆరు నిమిషాలకి కుడి చూపుడువేలు కొస తెల్లబడింది. చంకలో పెట్టుకుంటే కాసేపటికి సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైంది. నొప్పి వస్తే మంచిదే.

2,350 దగ్గర గుంట తవ్వి పొరలు చూడాలని ప్లాన్. తొమ్మిదిన్నర అయింది, గాలి లేదు, ఎండ కనుమ మీద పడి వెలిగిపోతోంది. దిగేటప్పుడు చూద్దాంలే అనుకుని దాటేశాను. ఇది మొదటి తప్పు.

2,480 దగ్గర వెడల్పాటి చదును. వాలు 18 డిగ్రీలకి మించదు. కాళ్ల కింద ఏదో 'ధుమ్' అన్నట్టు అనిపించింది. గట్టిగా కాదు. పక్క గదిలో ఎవరో పరుపు మీద కూలబడినట్టు. నిలబడి విన్నాను. మళ్లీ ఏమీ లేదు. పైన బండ మీంచి మంచు రాలి ఉంటుంది అనుకున్నాను. బండ వైపు చూశాను కూడా, తాజాగా రాలిన ఆనవాలు లేదు. అయినా నడిచాను. ఇది రెండోది, మొదటిదాని కంటే పెద్దది. నోట్‌బుక్ బ్యాగ్ పై జేబులోనే ఉంది. అందులో ఏం రాసుందో నాకు కంఠతా వచ్చు. 'చప్పుడు వినబడితే' అని ఉంది, 'గట్టిగా వినబడితే' అని లేదు. ఆ తేడా అప్పుడు గుర్తుకు రాకపోలేదు. వచ్చింది, కాకపోతే దాంతో వాదించాను. స్థాయి 2, వాలు 33, నా గీత 35, లెక్క ప్రకారం సరిపోతుంది కదా అని.

ఇంకో అరగంట నడిచాను. 2,600 దగ్గర, కనుమ కింది వాలు మొదలయ్యే చోటు, నేను నిలబడ్డ చోట 22 డిగ్రీలుంటుంది. కుడి స్కీ మీద బరువు వేయగానే ఈసారి అనుమానానికి చోటు లేకుండా 'ధుమ్మ్' అంది. నేనూ, నా చుట్టూ ఉన్న మంచూ ఒక వేలెడు కిందికి దిగినట్టు పొట్టలో తెలిసింది. స్కీ ముక్కు దగ్గర్నుంచి సన్నటి పగులు ఒకటి, పెన్సిల్‌తో గీసినట్టు, ఎడమ వైపుకి పరుగెత్తింది. పదిహేను మీటర్ల దాకా కనబడింది, తర్వాత ఒక మలుపు వెనక్కి పోయింది.

అడుగున బలహీన పొర కూలినప్పుడు వచ్చే చప్పుడది. పైన ఉన్న పలక బరువుకి పంచదార గింజలు నలిగి, ఆ కూలడం పక్కకి పాకుతుంది. 22 డిగ్రీల మీద జారదు. కానీ ఆ పాకుడు ఎడమ పక్క గోడ లాంటి వాలు దాకా వెళితే, నేను ముట్టుకోకపోయినా పైనుంచి జారి నా మీదికి వస్తుంది. ఆ గోడ పైన గాలికి పేరుకున్న మంచు చూరు నీలంగా వేలాడుతోంది. కదల్లేదు. ఎంతసేపు దాని వంక చూస్తూ ఉన్నానో తెలియదు. వాచీ చూస్తే పదకొండున్నర. కనుమ ఇంకో 180 మీటర్ల పైన ఉంది. అక్కడి రాళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనబడుతోంది.

స్కిన్లు తీయలేదు. వాలు మీద ఒంటి కాలి మీద నిలబడే పని పెట్టుకోకుండా, అదే జాడలో కిక్ టర్న్ కొట్టి, ఇప్పుడు కుడి పక్కకొచ్చిన ఆ గోడకి దూరంగా నడుచుకుంటూ వచ్చాను. ఆ టర్న్ కుడి వైపుదే, ఒక్కసారికే పడింది.

2,350 దగ్గర, పైన ఏమీ వేలాడని చోట, పొద్దున దాటేసిన గుంట తవ్వాను. 30 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు ఉన్న దిమ్మె కోసి, ఒక చివర పార పెట్టి తట్టాలి. మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. పదమూడో దెబ్బకి, అంటే మోచేతి మూడో దెబ్బకి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేసారి పగిలి పలక మొత్తం పారతో సహా నా ఒళ్లోకి జారింది. కింద పంచదార. తీసి గుప్పిట పట్టాను, కారిపోయింది. పగులు అలా పూర్తిగా పాకితే చెడ్డ గుర్తు. పొద్దున ఇరవై నిమిషాలు పెట్టి ఉంటే ఇది తొమ్మిదిన్నరకే తెలిసేది.

అక్కణ్నుంచి దిగడం బాగుంది, ఆ మాటా చెప్పాలి. జాకెట్, స్కిన్లు, బైండింగ్, బూట్లు, హెల్మెట్, టేపు మీద ఉన్నట్టే. 20 డిగ్రీల వాలు, మోకాలి దాకా లేచే పొడి మంచు, దాదాపు నలభై మలుపులు. సగం దిగేసరికి మబ్బు లోయని కమ్మేసి నేలా ఆకాశమూ ఒకటే తెలుపైపోయాయి. నిలబడే ఉన్నానా, జారుతున్నానా అన్నది కూడా తెలియలేదు. పోల్ కొసకి మూడు మీటర్ల ముదురు రంగు తాడు కట్టి, గాలం వేసినట్టు ముందుకి విసిరి, అది ఎక్కడ పడుతోందో చూసుకుంటూ అంగుళం అంగుళం దిగాను. తాడు ఒక్కసారి మాయమైంది, అక్కడ మీటరున్నర గట్టు ఉంది. పక్క నుంచి తిరిగి వచ్చాను. చివరి కిలోమీటరుకి యాభై నిమిషాలు పట్టింది.

హట్‌కి రెండున్నరకి చేరి, అలసటకి పడుకుని, లేచేసరికి ఐదుంపావు. మెసెంజర్ బయట పెట్టాను. మబ్బుల వల్లో, నేను పెట్టిన చోటు వల్లో వెళ్లలేదు. ఆరైంది, ఆరుంపావు అయింది. హెడ్‌ల్యాంప్ పెట్టుకుని హట్ వెనక గుట్ట ఎక్కి చేయి పైకెత్తి నిలబడితే ఆరూ ఇరవై రెండుకి వెళ్లింది. జవాబు ఆరూ ఇరవై ఆరుకి వచ్చింది. "నంబర్ డయల్ చేసి పట్టుకుని కూర్చున్నానక్కా."

ఫిబ్రవరి 16, మూడో రోజు

దిగడమే. గంటా ఇరవై నిమిషాలు. చెట్ల మొదళ్ల చుట్టూ మంచు నిండని గోతులుంటాయి, తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రావడం దాదాపు అసాధ్యం, అందుకని చెట్లకి దూరంగా పాత జాడ మీదే వచ్చేశాను. చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

ఇంటికొచ్చాక ఫోన్‌లో తమ్ముడు ముందు తిట్టాడు, తర్వాత అడిగాడు. "మొదటి చప్పుడుకే ఎందుకు తిరగలేదక్కా? కాగితంలో నువ్వే రాశావు కదా."

"అది చప్పుడో కాదో తెలియలేదురా."

"తెలియకపోతే తిరగాలని రాయలేదా?"

రాయలేదు. ఇవాళ రాశాను.

ఫిబ్రవరి 23

మిగిలిన పనులు. ఎడమ స్కిన్ పాత జిగురు ఇస్త్రీ పెట్టె వేడి చేసి గీకేశాను, ఇల్లంతా కంపు, కొత్తది రెండు పూతలు పడింది, ఆరుతోంది. బైండింగ్ స్ప్రింగ్ కింద మంచు తీయడానికి ప్లాస్టిక్ పుల్లొకటి తాడుతో బూటుకి కట్టాను, ఇక గ్లవుజు తీయక్కర్లేదు. మెసెంజర్ మెసేజ్ పంపే టైమ్ ఆరు నుంచి నాలుగుకి మార్చాం, ఆరున్నర గడువు మాత్రం అలాగే ఉంది. గుంట తవ్వడం టైమ్ టేబుల్‌లో ఇరవై నిమిషాలుగా రాశాను, కనుమకి పట్టే టైమ్‌లో కలిపి.

చూపుడువేలు కొస ఇంకా కాస్త మొద్దుబారి ఉంది. ఫోన్ లాక్ తీయాలంటే ఎడమ చెయ్యి వాడుతున్నాను.